అప్‌డేట్: మ్యాట్ వార్నిష్ తెల్లమచ్చలు పోయాయి

నా యాక్రిలిక్ పెయింటింగ్‌లో ముదురు నీలం మీద మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేస్తే పొగ పట్టినట్టు తెల్లమచ్చలు వచ్చాయని అడిగాను కదా, కారణం తేలింది. మెరుపు తగ్గించే పొడి డబ్బా అడుగున పేరుకుంటుంది. సరిగా కలపకపోయినా, పూత మందమైనా అది ముదురు రంగుల మీద తెల్లగా తేలుతుంది. సగం ఆరిన పూత మీద మళ్లీ బ్రష్ తిప్పితే ఇంకా ఘోరం.

నా వార్నిష్ సాల్వెంట్ రకం (మినరల్ స్పిరిట్ లాంటి ద్రావకంలో కరిగేది) కాబట్టి కిటికీలు తెరిచి, నూగు రాలని గుడ్డను మినరల్ స్పిరిట్‌లో తడిపి మెల్లగా తుడిచాను. కింద 2 పాళ్లు సాఫ్ట్ జెల్ గ్లాసీకి (మెరిసే యాక్రిలిక్ జెల్) 1 పాలు నీళ్లు కలిపి వేసిన ఐసొలేషన్ కోట్ (రంగుకూ వార్నిష్‌కూ మధ్య వేసే పారదర్శక పూత) ఉండబట్టే రంగు గుడ్డకు అంటలేదు. దాన్ని ఎవరూ మానకండి!

తర్వాత గ్లాసీ వార్నిష్ రెండు పలచటి పూతలు, ఆఖరున మాత్రమే మ్యాట్ ఒక్కటి. నీలం మళ్లీ లోతుగా కనిపిస్తోంది.