కొవ్వాడ కరెంటు కోసం ఆగాలా, మేడ మీద సోలార్ పెట్టించేయాలా?

సిక్కోలు బాబాయ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో ఒక పల్లె, అణు విద్యుత్ ప్లాంటు కడతామంటున్న కొవ్వాడ మాకు కూతవేటు దూరమే అనుకోండి. ఇంట్లో ఒక ఏసీ, ఫ్రిజ్, మోటారు ఉన్నాయి, ఎంత జాగ్రత్తగా వాడినా నెలకు 300 యూనిట్ల దగ్గర తేలుతోంది. మేడ మీద సోలార్ పెట్టిద్దామంటే మా మావయ్య అడ్డం పడుతున్నాడు. "6 రియాక్టర్లు, 7 వేల మెగావాట్ల పైమాటే, అది మొదలైతే మన జిల్లాకి కరెంటు చవకైపోతుంది, నువ్వు లక్షలు పోసి ఆ అద్దాలు పెట్టుకోవడం దేనికిరా" అంటాడు.

నాకు మాత్రం నమ్మకం కుదరట్లేదు. భూములు తీసుకున్నారు, ఊళ్లు ఖాళీ చేయిస్తామన్నారు, మత్స్యలేశం జాలర్లు రేపు వేటకి ఏ రేవు నుంచి వెళ్లాలో ఎవరూ తేల్చలేదు, ప్లాంటు చూస్తే ఇంకా కాగితాల మీదే ఉంది. పైడిభీమవరం ఫ్యాక్టరీలు వచ్చినప్పుడూ ఇలాంటి మాటలే విన్నాం, అది వేరే కథ.

అణు కరెంటు వస్తే మా బిల్లు నిజంగా తగ్గుతుందా? సోలార్ వాడు 3 కిలోవాట్లు పెట్టుకోమంటున్నాడు, అంత అవసరమా? సముద్రపు గాలికి ఆ సామాను నిలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి. రాజకీయాలు వద్దు ప్లీజ్.

జార్జియా తెలుగోడు

బాబాయ్, మీ కొవ్వాడకి ఏ రియాక్టర్ అనుకుంటున్నారో అదే రియాక్టర్‌కి నేనిక్కడ బిల్లు కడుతున్నాను. నేను ఉండేది అట్లాంటా శివారులో. మా రాష్ట్రంలో అగస్టా దగ్గర వోగల్ అని ఒక ప్లాంటు ఉంది, అందులో కొత్తగా కట్టిన 3, 4 యూనిట్లు (అంటే రియాక్టర్లు) వెస్టింగ్‌హౌస్ కంపెనీ వాళ్ల ఏపీ1000 డిజైన్, కొవ్వాడకి చెబుతున్నదీ అదే. మొదట 14 బిలియన్ డాలర్లలో అయిపోతుందన్నారు, చివరికి 30 బిలియన్లు దాటింది. 2016, 17 నాటికి రావాల్సిన కరెంటు 2023లో ఒక యూనిట్ నుంచి, 2024లో రెండో దాని నుంచి వచ్చింది. మధ్యలో 2017లో వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది.

ఇంతకీ మీ మావయ్యకి చెప్పాల్సింది ఇది: ప్లాంటు నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా రాకముందే, 2011 నుంచే మా బిల్లులో దాని నిర్మాణం ఖర్చు అని విడిగా ఒక లైను ఉండేది. పూర్తయ్యాక రేట్లు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. మాకంటే ఘోరం పక్కనున్న సౌత్ కరొలైనా వాళ్లది. అక్కడ వీసీ సమ్మర్ అనే ప్లాంటులో ఇవే రియాక్టర్లు రెండు మొదలుపెట్టి, 9 బిలియన్ డాలర్ల దాకా ఖర్చుపెట్టి 2017లో వదిలేశారు. కరెంటు లేదు, అప్పు మాత్రం జనం మీద పడింది.

సోలార్ విషయంలో మీరు మాకంటే అదృష్టవంతులు. ఇక్కడ ఇంటి మీద పెట్టాలంటే వాట్‌కి ఇంచుమించు 3 డాలర్లు, కాలనీ అసోసియేషన్ పర్మిషన్ ఇంకో తలనొప్పి, 30 శాతం పన్ను రాయితీ ఉండేది, అది కూడా 2025 డిసెంబరుతో అయిపోయింది.

న్యూట్రాన్

ఒక్క అమెరికా ప్లాంటు చూపించి మొత్తం అణుశక్తినే తిట్టడం ఏం న్యాయం అండీ? కర్ణాటకలో మన కైగా 1 రియాక్టర్ సంగతి ఎవరూ మాట్లాడరేం? మన వాళ్ల సొంత డిజైన్, 220 మెగావాట్లది, 2018 చివరి వరకు 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు కొట్టింది. 2004 సునామీకి తమిళనాడు కల్పాక్కం అణు ప్లాంటులో సముద్రం నీళ్లు పంప్‌హౌస్‌లోకి వచ్చేశాయి, అయినా రియాక్టర్‌ని క్షేమంగా ఆపారు.

మీ మేడ మీద ప్యానెల్ సాయంత్రం ఆరింటికే దుకాణం కట్టేస్తుంది. రాత్రి మీ ఏసీ ఎవరు తిప్పుతారు? విశాఖ దగ్గర పరవాడలో సింహాద్రి బొగ్గు ప్లాంటే కదా. ఆ పొగకి పోయే ప్రాణాలతో పోలిస్తే అణు ప్లాంట్ల వల్ల పోయినవి చాలా తక్కువ. భయం వేరు, లెక్క వేరు.

సబ్‌స్టేషన్ సార్

డిస్కమ్‌లో (కరెంటు పంపిణీ సంస్థలో) చేసి రిటైర్ అయినవాణ్ణి, కాబట్టి ముందు బిల్లు సంగతి చెప్తాను.

ప్లాంటు పక్కన ఉన్నందుకు చవక కరెంటు అనేది మన దగ్గర లేదు. ప్లాంటు కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, బొగ్గు, జల, సౌర, అణు అన్నీ కలిపి కొన్న ఖర్చు మీద ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) రేటు తేలుస్తుంది, ఆ రేటు ఇచ్ఛాపురంలోనూ ఒకటే, చిత్తూరులోనూ ఒకటే. సింహాద్రి పరవాడలోనే ఉంది కదా, పరవాడ వాళ్లకి ఒక్క రూపాయైనా తగ్గిందేమో మీ మావయ్యని అడగమనండి.

న్యూట్రాన్ గారూ, కైగా రికార్డు నిజమే, కాదనడానికి లేదు. కానీ కొవ్వాడకి వచ్చేది కైగా కాదు. మన దగ్గర తమిళనాడులో కూడంకుళం అణు ప్లాంటు చూడండి, 2002లో పని మొదలైతే మొదటి యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి వచ్చేసరికి 2014 డిసెంబరు అయింది. కొవ్వాడలో ఇంకా పునాది కూడా పడలేదు. ఈ బాబాయ్ సోలార్ పెట్టుకుంటే ఆ పెట్టుబడి తీరిపోయి ఇన్వర్టర్ మార్చుకునే టైమ్ వచ్చినా అక్కడ రియాక్టర్ నిలబడుతుందని నేను రాసివ్వలేను.

ఇక ప్రమాదం గురించి. చాలామంది బాంబులా పేలుతుందనుకుంటారు, అది కాదు విషయం. రియాక్టర్‌ని ఆపేసినా లోపల వేడి ఆగదు, చల్లబరుస్తూనే ఉండాలి, దానికి కరెంటు కావాలి. జపాన్‌లో ఫుకుషిమా ప్లాంటులో 2011 మార్చి 11న భూకంపానికి బయటి లైన్లు పోయాయి, సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగాయి, చల్లబరచడం ఆగిపోయింది, అంతే. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. తుఫాను వచ్చినప్పుడల్లా మన కోస్తాలో టవర్లు ఎలా కూలతాయో హుద్‌హుద్ రోజున చూశాను, అందుకే నాకు రేడియేషన్ కంటే ఆ బ్యాకప్ కరెంటు గురించే టెన్షన్. ఎంత మంచి డిజైన్ అయినా ఈ ప్రశ్న అడగాల్సిందే.

ఇప్పుడు సోలార్. 3 కిలోవాట్లు ఎందుకండీ? మన ఇళ్ల స్లాబులు చూడండి: మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. మీ 300 యూనిట్లకి ఎనర్జీ చార్జీ ఒక్కటే 1,673 రూపాయలు అవుతుంది, సర్దుబాటు చార్జీలు ఆపైన. ఒక కిలోవాట్ నెలకు సగటున 120 యూనిట్లు ఇస్తుందనుకుందాం. 2 కిలోవాట్లు పెడితే 240 పోయి మీకు మిగిలేది 60 యూనిట్లు, దానికి 147 రూపాయలు. అంటే పై స్లాబులన్నీ ఎగిరిపోయాయి. మూడో కిలోవాట్ పెట్టి మీరు మిగుల్చుకునేది ఈ 147, మిగులు యూనిట్లకి వచ్చే కొద్దిపాటి సొమ్ము. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సోలార్ సబ్సిడీ కూడా 2 కిలోవాట్లకి 60 వేలు, 3కి 78 వేలు, మూడోదానికి దక్కేది 18 వేలే. వెండర్ 3 అనే అంటాడు, అతని వ్యాపారం అది. రెండో ఏసీ కొనే ఆలోచన ఉంటేనే మూడోది పెట్టండి.

చిత్రావతి ఒడ్డు

అందరూ ప్లాంటు గురించే మాట్లాడతన్నారు, అణు ప్లాంట్లకి కావాల్సిన రాయి ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ పట్టదా? మాది పులివెందుల వైపు. తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. ఆ ఖనిజంలో టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా ఉండదు, మిగతాదంతా పొడిచేసి, కడిగేసి, బురదలా పైపుల్లో పంపి చెరువులో పోస్తారు. యురేనియం తీసేసినా రేడియం లాంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి. బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు ఎండాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు, దానికీ దీనికీ సంబంధం లేదని గని వాళ్ల మాట. నల్లమలలో తవ్వకం అనేసరికి తెలంగాణ అసెంబ్లీ 2019లో వద్దని తీర్మానం చేసింది. మా చెరువు అప్పటికే నిండుతోంది, మాకు తీర్మానం ఎవరు చేస్తారు. క్లీన్ ఎనర్జీ అనే ముందు ఒకసారి ఇటు వచ్చి పోండి న్యూట్రాన్ అన్నా.

న్యూట్రాన్

అన్నా, ఆ బాధ నేను కాదనట్లేదు, చెరువు అడుగున నీళ్లు ఇంకకుండా సరైన పొర (లైనింగ్) వేయకపోతే అది తప్పే. సోలార్ ప్యానెల్ కూడా ఏదో ఒక గని నుంచే వస్తుంది అని మాత్రం గుర్తుపెట్టుకోండి. నా పాయింట్ ఒక్కటే, రాత్రి కరెంటు.

సబ్‌స్టేషన్ సార్

రాత్రి ప్రశ్న సరైనదే. నెట్ మీటర్ (పగలు మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కి ఇచ్చి, తర్వాత వాడుకున్న దాంట్లోంచి తీసేసే మీటర్) పెట్టుకున్న ప్రతివాడూ గ్రిడ్‌ని బ్యాటరీలా వాడుకుంటున్నాడు, దాని ఖర్చు ఎవరో మోస్తున్నారు, ఇది సోలార్ అమ్మేవాళ్లు చెప్పని మాట. కర్నూలు వైపు పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు కట్టింది అందుకే. జవాబు రియాక్టర్ ఒక్కటే కాదు.

భీమిలి మేడ

నాది బీచ్‌కి దగ్గర్లో ఇల్లు, సోలార్ ఉంది, గాలి సంగతి నేను చెప్తా. మాకైతే ప్యానెల్‌కి ఏమీ కాలేదు, దాని ఫ్రేమ్ అల్యూమినియం. పోయేది కింది స్ట్రక్చర్, నట్లు బోల్టులు. మాకు పెట్టినవాడు మామూలు బోల్టులు బిగించి, వెల్డింగ్ చేసిన చోట వెండి రంగు పూసి వెళ్లిపోయాడు. రెండో వానాకాలానికే ఆ రంగు కింద నుంచి ఎర్రగా తుప్పు పొక్కింది, గోరుతో గీకితే పెచ్చులు ఊడొచ్చాయి. ఫోన్ చేస్తే ఎత్తడు. తర్వాత అన్నీ స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించుకున్నాం. కాబట్టి హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసిన (కరిగిన జింకులో ముంచి తీసిన) పైపులు, స్టెయిన్‌లెస్ బోల్టులు అని కొటేషన్‌లోనే రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. కింద నీడ వస్తుంది కదా అని ఎత్తుగా పందిరిలా కట్టించుకోకండి, తుఫాను గాలికి ఎత్తున్న కొద్దీ ప్రమాదం. రెండు వారాలకోసారి తెల్లవారుజామున మంచినీళ్లతో కడగండి, మాకు ఉప్పు తెరలా పట్టేస్తుంది, కడిగిన రోజు యూనిట్లు పెరగడం యాప్‌లోనే కనిపిస్తుంది.

ఇంకోటి, చాలామందికి తెలియదు. మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్ (బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపినది) అయితే కరెంటు పోగానే ఎర్రటి ఎండలో కూడా సోలార్ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మాన్‌కి షాక్ కొట్టకుండా అలా పెడతారు. తుఫానప్పుడు పనికిరావాలంటే బ్యాటరీతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ కావాలి, బ్యాటరీకి సబ్సిడీ రాదు.

సిక్కోలు బాబాయ్

అందరికీ థాంక్స్. సబ్‌స్టేషన్ సార్ లెక్క మావయ్యకి చదివి వినిపించాను, పరవాడ మాట దగ్గర కాసేపు మాట్లాడలేదు, తర్వాత "వాళ్లది బొగ్గు, ఇది అణువు, వేరు" అన్నాడు, ఇక వదిలేశాను. 2 కిలోవాట్లకే అడుగుతాను, బ్యాటరీ ఇప్పుడు వద్దు, కానీ తర్వాత కలుపుకునేలా హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి ఎంత తేడా వస్తుందో కనుక్కుంటాను. భీమిలి మేడ గారూ, మీరు మార్పించిన బోల్టుల ఫోటో ఒకటి పెట్టగలరా? మా వెండర్‌కి చూపించాలి.