రెండు రిపోర్టుల్లో రెండు మాటలు: దేన్ని నమ్మాలి?

పర్లాకిమిడి వాసి:
నిన్న సాయంత్రం నుంచి ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను, ఏమీ పాలుపోవడం లేదు. పెళ్ళై నాలుగేళ్ళయింది, నా భార్య పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. బరంపురంలో నా వీర్యపరీక్షలో కౌంట్ మిల్లీలీటరుకు కోటి 80 లక్షలు, కదలిక 46 శాతం అని రాసి, కౌంట్ పక్కన ‘తక్కువ’ అన్నారు. నెల తిరక్కుండా శ్రీకాకుళంలో చేయిస్తే వీర్యకణాలు దాదాపు అన్నే వచ్చాయి గాని, పక్కన ‘సాధారణం’ అని ఉంది. కదలిక మాత్రం 12 శాతానికి పడిపోయింది. ఇద్దరిలో ఎవరిది తప్పు?

జయపురం మిత్రుడు:
కౌంట్ విషయంలో తప్పు లేదు, కొలబద్ద మారింది. వీర్యపరీక్షలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించే కరదీపిక 1999 సంచికలో హద్దు మిల్లీలీటరుకు రెండు కోట్లు. 2010లో కోటి 50 లక్షలు. 2021లో వచ్చిన ఆరో సంచికలో కోటి 60 లక్షలు. బరంపురం వారు పాత ఫారమే వాడుతున్నట్టున్నారు. పైగా ఏడాదిలోపు భార్యలు గర్భం దాల్చిన పురుషుల్లోనూ నూటికి అయిదుగురి కౌంట్ ఈ కొత్త హద్దుకు దిగువనే ఉంటుంది కాబట్టి, ఇది సంతానం కలిగేవారినీ కలగనివారినీ విడదీసే గోడ కానే కాదు.

గుణుపురం మాస్టారు:
నాయనా, ‘వీర్యకణాలు’ అనకండి. వీర్యం ద్రవం, అందులో ఈదేవి శుక్రకణాలు. మన ఒడియా సోదరులు కూడా ‘శుక్రాణు’ అనే అంటారు.

జయపురం మిత్రుడు:
మాస్టారూ, పత్రికల్లోనూ ఆసుపత్రుల్లోనూ వీర్యకణాలనే మాటే నలిగింది. రోగికి అర్థమైన మాటను తప్పనడం న్యాయం కాదు.

ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ:
నమూనా ఎక్కడ ఇచ్చారు? ఎంతసేపటికి చూశారు? అంతకుముందు వీర్యస్ఖలనం లేకుండా ఎన్ని రోజుల విరామం?

బరంపురం సోదరి:
మావారి విషయంలో మాకు దారి చూపింది డి.ఎన్.ఏ. ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష. కణాలు చక్కగా కదులుతున్నా లోపలి జన్యుపదార్థం తెగి ఉండవచ్చు, మామూలు పరీక్షలో అది కనబడదు. మీరూ ముందుగా అదే చేయించండి.

ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ:
అమ్మా, అది మంచి పరీక్షే గాని మొదటి మెట్టు కాదు. ఆరో సంచిక దాన్ని అదనపు పరీక్షల్లో చేర్చింది. గర్భస్రావాలు పదేపదే అవుతుంటే వైద్యులు దాని గురించి ఆలోచిస్తారు. ముందు నా ప్రశ్నకు జవాబు రావాలి.

పర్లాకిమిడి వాసి:
రెండుసార్లూ మూడు రోజుల విరామమే. బరంపురంలో ల్యాబులోనే ఇచ్చాను. శ్రీకాకుళానికి మాత్రం ఇంటి దగ్గరే డబ్బాలో తీసి, పాలలాగా పాడవకూడదని చుట్టూ ఐసు ముక్కలు పెట్టి, టిఫిన్ సంచిలో బస్సులో తీసుకెళ్ళాను. చేరేసరికి రెండు గంటలు దాటింది. ఇది చెప్పదగ్గ విషయమని తోచలేదు.

ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ:
చెప్పవలసింది అదే. చలికి కదలిక పడిపోతుంది. నమూనాను ఒంటి వెచ్చదనంలో ఉంచి, అరగంటలో, ఆలస్యమైనా గంటలోపు చూడడం మొదలుపెట్టాలి. కౌంట్ అలాగే ఉండి కదలిక ఒక్కటే పడిపోవడానికి ఆ ప్రయాణమే చాలు. ఆ 12 శాతాన్ని పక్కన పెట్టి, మళ్ళీ ల్యాబులోనే నమూనా ఇచ్చి చూపించుకోండి. ఈ మూడు నెలల్లో మలేరియా గాని, గట్టి జ్వరం గాని వచ్చిందా? కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి, ఆనాటి జ్వరం ఈనాటి కౌంట్‌లో కనబడుతుంది.

గుణుపురం మాస్టారు:
‘శుక్రకణం’ అని రాసి ఉంటే మరింత బాగుండేది.

పర్లాకిమిడి వాసి:
ధన్యవాదాలండీ. సోమవారం బరంపురం వెళ్తున్నాను.