బర్న్ట్ సియెన్నాకు మన మాట ఏది?

అనంతపురం దగ్గరి మా ఊరి మట్టి మిద్దెలను జానపద శైలిలో కాన్వాసు మీద వేస్తున్నాను. నీడలు లేవు, దగ్గర దూరాల తేడా లేదు. నిండు రంగు, దాని చుట్టూ నల్లగీత. రంగుల పేర్లు తెలుగులో రాయాలని కూర్చుంటే ‘బర్న్ట్ సియెన్నా’ అన్న ఎర్రటి గోధుమరంగు ఆక్రిలిక్ ట్యూబు దగ్గర ఆగిపోయాను. మట్టిరంగు అందామంటే ఏ మట్టి? మాది ఎర్రనేల, తాడిపత్రి వైపు పోతే నల్లరేగడి. గోడ అడుగున పూసేదాన్ని మా జేజి ఎర్రమన్ను అనేది. ఇంకో మాట ఉందా?

జవాబు, కడప నుంచి:
జేగురు ఉంది కదమ్మా. కోపంతో మొహం జేవురించింది అంటామే, ఆ జేవురు ఇదే. మొహానికి మిగిలింది గానీ గోడకు పోగొట్టుకున్నాం. సియెన్నా ఇటలీలో ఒక ఊరు. అక్కడి పసుపుపచ్చ మట్టిని కాలిస్తే ఎర్రబడుతుంది, అందుకే బర్న్ట్. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. మీ ఎర్రనేలకు రంగు ఇచ్చేదీ అదే.

జవాబు, హిందూపురం నుంచి:
కావిని మరిచిపోతే ఎట్లా అన్నా? ఇక్కడ సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోయినా, కన్నడంలోనూ కావే. తెలంగాణలో జాజు అంటారు.

మళ్లీ నేనే, అడిగినదాన్ని:
కావి మంచి మాటే తమ్ముడూ. కానీ వినగానే సన్యాసి బట్టలు కళ్లముందుకొస్తాయి, మిద్దె రాదు. అందుకని రంగుకు జేగురు అనే రాస్తాను. గోడకు పూసింది మాత్రం ఎర్రమన్నే, ఆ మాట మార్చను.

ఈ రెండు పేర్లూ వేరుగా ఉండాలని బొమ్మ వేస్తుంటేనే తెలిసింది. ఎర్రమన్ను తడి మీద ముదురుగా ఉంటుంది, ఆరితే తేలిపోతుంది. ఆక్రిలిక్ దానికి తలకిందులు. అందులోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, ఆరాక తేటపడుతుంది, అప్పుడు రంగు ముదురుతుంది. తడి మీద సరిపోయిందనుకున్న గోడ తెల్లారి చూస్తే మా ఇంటి గోడలా లేదు. రెండుసార్లు తెలుపు కలిపి మళ్లీ పూశాను.

ఇక ఎర్రమన్ను మీద వేలితో వరసగా పెట్టే సున్నపు చుక్కలు మిగిలాయి. మా ఇంట్లో ఉత్త చుక్కలనే అనేవాళ్లు. మీ ఊళ్లో ఆ వరసకు వేరే పేరు ఉంటే చెప్పండి, బొమ్మ పక్కన రాసుకుంటాను.