షుగర్ ఉన్నవారి కంటి పరీక్ష: అద్దాల దగ్గరే ఆగిపోతున్నామా?

వెలుగురేఖ
నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే మనిషిని. ఈ పనిలోకి వచ్చి తొమ్మిదేళ్లవుతోంది. మా వృత్తి సంఘం సమావేశంలో షుగర్ కంటి జబ్బు గురించి ఒక పూటంతా మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. అక్కడ మా మాటలే కాదు, ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ల మాటలు కూడా వినిపించాలని నా కోరిక. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఇది నా మనసులో ఎందుకు పడిందో చెప్తాను. కొన్నాళ్ల క్రితం యాభై దాటిన ఒకాయన దగ్గరి చూపు అద్దాల కోసం వచ్చారు. దూరపు చూపు రెండు కళ్లకీ 6/6. చార్టు చివరి వరుస దాకా తడుముకోకుండా చదివేశారు. షుగర్ ఉందా అని అడిగితే, "ఉంది, మాత్రలు వేసుకుంటున్నా, కంట్రోల్‌లోనే ఉంది" అన్నారు. చుక్కలు వేసి లోపల చూస్తానంటే పనుందన్నారు, ఇంకోసారి వస్తానన్నారు. బతిమాలి కూర్చోబెట్టాను. కంటిపాపలు విచ్చుకున్నాక చూస్తే రెండు కళ్లలోనూ నాలుగు వైపులా రక్తపు మచ్చలు. ఒక కంట్లో సిరలు పూసలు గుచ్చినట్టు ఉబ్బి ఉన్నాయి. ఆయనకి నొప్పి లేదు, మసక లేదు, కళ్ల ముందు నలుసులు లేవు. ఆ రోజు వెళ్లనిచ్చి ఉంటే కొత్త అద్దాలు పెట్టుకుని, కళ్లు బాగున్నాయన్న ధీమాతో వెళ్లిపోయేవారు.

వృత్తి సంఘాలు ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1898లో మొదలైన అమెరికన్ ఆప్టోమెట్రిక్ అసోసియేషన్ షుగర్ ఉన్నవారి కంటి సంరక్షణ మీద 2014లో ఆధారాలతో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019లో వాటిని సవరించింది. టైప్ 2 షుగర్ (ఎక్కువమందికి వచ్చే రకం) అని తెలిసిన వెంటనే కంటిపాప పెద్దదిచేసి పరీక్ష చేయాలి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చూడాలి, చూసింది షుగర్ డాక్టరుకి తెలియజేయాలి. ఇందులో కొత్త సంగతేమీ లేదు, మాకందరికీ తెలిసిందే. తెలిసింది రోజూ చేస్తున్నామా అన్నదే నా బాధ.

షుగర్ ఉన్నవాళ్లు చెప్పండి: అద్దాల పరీక్షకి వెళ్లినప్పుడు మిమ్మల్ని షుగర్ గురించి అడిగారా? నా తోటివాళ్లు చెప్పండి: మీకు ఎక్కడ అడ్డు పడుతోంది?

పదేళ్ల_షుగర్
వెలుగురేఖ గారూ, నా సంగతి వినండి. షుగర్ బయటపడిన ఏడాదిలో మూడుసార్లు అద్దాలు మార్చాను. మొదట దూరం మసకబారితే మైనస్ పవర్ ఇచ్చారు. మందులు మొదలుపెట్టి షుగర్ తగ్గేసరికి ఆ అద్దాలు పెట్టుకుంటే తల తిరిగేది. మళ్లీ వెళ్తే పవర్ మార్చారు. రెండు నెలలకి అవీ పనికిరాలేదు. మూడుసార్లలో ఒక్కరూ షుగర్ ఉందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. అద్దాలకీ షుగర్‌కీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

నాలుగోసారి పరీక్ష చేసినావిడ మొదట అడిగిందే అది. "ఇప్పుడు అద్దాలు రాయను. షుగర్ నిలకడగా ఉన్నాక నెల, నెలన్నర ఆగి రండి" అన్నారు. చేతికొచ్చిన బేరం వదులుకుని పంపించేశారే అని ఆశ్చర్యపోయాను. కానీ ఆ రోజే చుక్కలు వేసి లోపల చూశారు. చిన్న చిన్న ఎర్ర చుక్కలు మొదలయ్యాయని అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి ఆవిడ చెప్పిన తేదీ ఒక్కటీ తప్పలేదు నేను.

వెలుగురేఖ
మీరు చెప్పింది చాలామందికి జరుగుతుంది. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు కంటి లెన్స్‌లో గ్లూకోజ్ సార్బిటాల్ అనే పదార్థంగా మారి పేరుకుంటుంది. దాంతోపాటు నీరు చేరి లెన్స్ ఉబ్బుతుంది, పవర్ మారుతుంది. చికిత్సతో షుగర్ దిగుతుంటే పవర్ రెండో వైపుకి జరుగుతుంది. ఆ ఊగిసలాటలో రాసిన అద్దాలు ఎన్నాళ్లో నిలవవు. ఒక్కోసారి తమకి షుగర్ ఉందని ఇంకా తెలియనివాళ్లు కూడా ఇలాగే వస్తారు. కొద్ది వారాల్లో పవర్ బాగా మారితే రక్త పరీక్ష చేయించుకోమని చెప్పడం మా బాధ్యతే.

రెటీనా_గది
రెటీనా (కంటి లోపల వెనక ఉండే, వెలుతురుని పట్టే పొర) చికిత్స చేసే డాక్టర్ని. మొదటి పోస్టులో చెప్పిన పేషెంటు విషయంలో ఒక మాట. నాలుగు భాగాల్లోనూ మచ్చలు ఎక్కువగా ఉండటం, రెండు భాగాల్లో సిరలు పూసల్లా ఉండటం, ఒక్క భాగంలోనైనా రెటీనా లోపల అసహజమైన చిన్న నాళాలు స్పష్టంగా కనిపించడం. ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా తీవ్ర దశే. మేం దీన్ని 4-2-1 సూత్రం అంటాం. ఈ దశకి వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ఏడాదిలోపే కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి పెళుసు నాళాలు, చిట్లితే కన్నంతా రక్తం నిండుతుంది.

మరి 6/6 ఎలా చదివారని అడగచ్చు. అక్షరాలు చదివేది రెటీనా మధ్యలో ఉన్న మాక్యులా. దాని చుట్టూ ఎంత పాడైనా, మధ్యలో వాపు రానంతకాలం చార్టు చదవగలరు. అందుకే చూపు బాగుందంటే రెటీనా బాగుందని కాదు. ఈ మాట ప్రతి పరీక్ష గదిలోనూ చెప్పాలి.

చికిత్స లేదని భయపడేవాళ్ల కోసం: ముదిరిన దశలో లేజర్ చేస్తే తీవ్రంగా చూపు పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1976లోనే డయాబెటిక్ రెటినోపతీ స్టడీ చూపించింది. ఇప్పుడు మాక్యులా వాపుకి ఇంజెక్షన్లు ఉన్నాయి. మా దగ్గర ఉపాయాలు చాలానే ఉన్నాయండి, మనిషి సమయానికి మా దాకా రావాలి. పంపించేది ఎక్కువగా ఆప్టోమెట్రిస్టులే. జబ్బుని మొదట చూసే కళ్లు వాళ్లవి.

అద్దాల_గది
నేనూ ఆప్టోమెట్రిస్ట్‌నే. వెలుగురేఖ గారి మాటలో న్యాయం ఉంది, కానీ మా ఇబ్బంది కూడా చెప్పాలి. చుక్కలు పనిచేయడానికి ఇరవై ముప్పై నిమిషాలు. తర్వాత నాలుగైదు గంటలు వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి. బండి నడుపుకుంటూ వచ్చినవాళ్లు ఒప్పుకోరు. బయట పదిమంది ఎదురుచూస్తుంటారు. పైగా కొన్ని దేశాల్లో ఆప్టోమెట్రిస్టులు చుక్కలు వాడటానికి చట్టం ఒప్పుకోదు. సంఘం కాగితం మీద రాసింది గదిలో జరగాలంటే అంత తేలిక కాదు.

నేను ఫండస్ కెమెరాతో, అంటే కంటి లోపలి వెనక భాగాన్ని ఫోటో తీసే కెమెరాతో, చుక్కలు లేకుండా ఫోటో తీస్తున్నాను. అదీ చాలదంటారా?

రెటీనా_గది
చాలదని నేననను. ఇంగ్లండ్‌లో 12 ఏళ్లు దాటిన షుగర్ ఉన్నవాళ్లను కంటి ఫోటోలకి క్రమం తప్పకుండా పిలుస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువాళ్ల అంధత్వానికి ఈ జబ్బు ఇక మొదటి కారణం కాదని 2014లో తేలింది. కనీసం యాభై ఏళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. క్రమం తప్పని పిలుపు సాధించిన ఫలితంలో అదొక భాగం అని నా నమ్మకం.

కానీ ఫోటో మసకగా వస్తే, చదవడానికి వీలు కాకపోతే, దాన్ని "బాగుంది" లెక్కలో వేయకండి. కంటిపాప చిన్నగా ఉన్నవాళ్లకీ, శుక్లం మొదలైనవాళ్లకీ ఇలా జరుగుతుంటుంది. వాళ్లకి చుక్కలు వేసి చూడాల్సిందే, లేకపోతే వేసేవాళ్ల దగ్గరికి పంపాల్సిందే.

ఇంకో చిన్న సంగతి. చుక్కలు వేసే ముందే కంటిపాప అంచుని స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోప్) ఒకసారి చూడండి. ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) మీద సన్నటి కొత్త నాళాలు ఉంటే పాప విచ్చుకున్నాక కనపడకుండా పోవచ్చు. అవి కంటి ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచేస్తాయి. ఒక్క నిమిషం పని అది.

అద్దాల_గది
ఐరిస్ సంగతి మంచి మాట సార్. హడావుడిలో వదిలేస్తున్నాను, ఒప్పుకుంటున్నాను. కంప్యూటరే ఫోటో చూసి చెప్పే పద్ధతుల గురించి మీ ఉద్దేశం?

రెటీనా_గది
డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే ఐడీఎక్స్-డీఆర్ అనే దానికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అసలు ఎవరూ చూడని చోట అది మేలే. కాకపోతే అది వెతికేది ఈ ఒక్క జబ్బునే. గ్లాకోమా, శుక్లం దాని పని కాదు. "కంప్యూటరు బాగుందంది" అని కంటి పరీక్షే మానేస్తే చిక్కు.

అమ్మ_తోడు
మా అమ్మ గురించి రాయాలని ఉంది. ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పుకోలేదు.

అమ్మకి ఒక కంట్లో మాక్యులా వాపు వచ్చి నెలనెలా ఇంజెక్షన్లు వేశారు. మూడోదానికి చూపు కాస్త తేటపడింది. "ఇక బాగయ్యాను, కంట్లో సూది పొడిపించుకోను" అంది. నేనూ గట్టిగా చెప్పలేదు. ప్రతిసారీ ఆ ముందురోజు రాత్రి అమ్మ నిద్రపోయేది కాదు, అది చూడలేక ఊరుకున్నాను. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే "కంటి ముందు పొగ తీగలు తేలుతున్నాయి" అంది. మధ్యాహ్నానికి ఆ కంటికి ఏమీ కనిపించలేదు. లోపల రక్తనాళం చిట్లిందట. ఆపరేషన్ చేశారు. కొంత చూపు వచ్చింది, పోయిందంతా రాలేదు.

నాకు బాధ ఎక్కడంటే, ఆ నాలుగు నెలల మధ్యలోనే అమ్మ అద్దాల పరీక్షకి వెళ్లింది. అక్కడివాళ్లు ఇంజెక్షన్లు ఎక్కడిదాకా వచ్చాయని ఒక్క మాట అడిగి ఉంటే, "ఆపకమ్మా" అని ఉంటే, అమ్మ వినేది. కూతురి మాటకంటే తెల్లకోటు మాట బలం కదండీ.

వెలుగురేఖ
అండీ, మీ అమ్మగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తప్పు మీది కాదు. ఇంజెక్షన్ మందు ప్రభావం కొన్ని వారాలే ఉంటుందనీ, చూపు తేటపడటం, జబ్బు పోవడం ఒకటి కాదనీ మీకు విడమరిచి చెప్పాల్సింది మావైపు వాళ్లం. మీరు అనుమతిస్తే పేర్లు లేకుండా ఇది సమావేశంలో చదివి వినిపిస్తాను. "చివరి ఇంజెక్షన్ ఎప్పుడు, తర్వాతిది ఎప్పుడు" అన్న ప్రశ్న మా పరీక్ష కాగితం మీద అచ్చై ఉండాలని అడుగుతాను.

అమ్మ_తోడు
చదవండి. అమ్మని కూడా అడిగాను, "ఇంకొకరికి పనికొస్తే చదవమను" అంది.

ఇన్సులిన్_నేస్తం
నాకు పదమూడో ఏట టైప్ 1 షుగర్ (శరీరంలో ఇన్సులిన్ తయారవని రకం) వచ్చింది. గర్భం కోసం సిద్ధమవుతూ, తొమ్మిది దాటిన హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) కొన్ని నెలల్లోనే ఆరున్నరకి తెచ్చుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కంటి పరీక్షలో జబ్బు ముదిరిందన్నారు. ఇంత కష్టపడితే ఇదా ఫలితం అని ఏడ్చేశాను.

నన్ను చూసే ఆప్టోమెట్రిస్ట్ అప్పుడు ఓపిగ్గా కూర్చుని చెప్పారు. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ వేగంగా దిగితే కొందరికి మొదట్లో రెటీనా ముదరడం తెలిసిన సంగతేనట. 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ అనే టైప్ 1 వాళ్ల అధ్యయనంలోనూ అది కనిపించిందట. అదే అధ్యయనంలో షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లలో కొత్తగా రెటీనా జబ్బు రావడం 76 శాతం తగ్గిందని కూడా చెప్పారు. "కంట్రోల్ వదలొద్దు, కన్నుని మాత్రం దగ్గర దగ్గరగా చూపించుకుంటూ ఉండు" అన్నారు. గర్భంలో మొదటి మూడు నెలల్లో ఒకసారి, తర్వాత మళ్లీ మళ్లీ చూశారు. మధ్యలో లేజర్ చేయించుకున్నాను. పాపకిప్పుడు రెండేళ్లు. దాని ముఖం తేటగా కనిపిస్తోంది నాకు.

టైప్ 1 వాళ్లకి మొదటి పరీక్ష జబ్బు వచ్చిన ఐదేళ్లలోపు అంటారు. గర్భం అనుకుంటే మాత్రం ముందే చూపించుకోండి అమ్మాయిలూ.

షుగర్_క్లినిక్_నర్సు
నేను చెప్పేది ఉత్తరం గురించి. మా దగ్గరికి వచ్చేవాళ్లని "కళ్లు చూపించుకున్నారా" అంటే "ఆ, బాగున్నాయన్నారు" అంటారు. ఎవరు చూశారు, చుక్కలు వేశారా, అద్దాలే చూశారా, ఏమీ తెలియదు. కంటివాళ్ల దగ్గర్నుంచి కాగితం ఉండదు. మేం కూడా హెచ్‌బీఏ1సీ, బీపీ రాసి పంపం. రెండు వైపులా తప్పుంది.

కంట్లో కనిపించేది మాకు చాలా చెప్తుంది. రెటీనా నాళాలు దెబ్బతిన్నవాళ్లలో కిడ్నీ నాళాలు కూడా దెబ్బతిని ఉండటం మామూలే. "కంట్లో జబ్బు పెరిగింది" అని ఒక్క వరుస వస్తే మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే బయటికి పోయే ప్రోటీన్) చూస్తాం, బీపీ మందు సరిచూస్తాం, పాదాలు చూస్తాం.

పెద్ద ఉత్తరం అక్కర్లేదండీ. చుక్కలు వేసి చూశారా లేదా, ఏ కంట్లో ఏ దశ, మాక్యులాలో వాపు ఉందా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. ఇంతే. నకలు ఒకటి పేషెంటు చేతికి కూడా ఇవ్వండి.

అద్దాల_గది
ఇది నేను రేపట్నుంచే చేయగలను. చుక్కల విషయంలో కూడా ఒకటి ఆలోచించాను: ఫోన్‌లో సమయం ఇచ్చేటప్పుడే షుగర్ ఉందా అని అడిగి, ఉంటే తోడుగా ఒకరిని తీసుకుని, నల్లద్దాలు తెచ్చుకుని రమ్మని చెప్తాను. వచ్చాక చెప్తే ఎవరికైనా చిరాకే.

వెలుగురేఖ
నర్సు గారూ, మీరు చెప్పిన నాలుగు అంశాలతోనే ఒక అరపేజీ ఫారం తయారుచేసి సంఘం ముందు పెడతాను. సభ్యులందరూ ఒకే నమూనా వాడితే మీవాళ్లకి చదవడం తేలిక. వెనక వైపు మీరు నింపాల్సిన గళ్లు కూడా పెడతాను: హెచ్‌బీఏ1సీ, బీపీ, కిడ్నీ పరీక్ష.

మొదటి పోస్టులోని ఆయన గురించి ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు. అదే వారం రెటీనా డాక్టరు దగ్గరికి పంపాను. ఒక కంట్లో అప్పటికే కొత్త నాళాలు మొలిచాయట, లేజర్ చేశారు. పోయిన నెల వచ్చారు, ఆ దగ్గరి చూపు అద్దాలు అప్పుడు రాశాను. వాళ్ల తమ్ముడిని కూడా వెంటబెట్టుకొచ్చారు, ఆయనకీ షుగర్ ఉందట, ఎప్పుడూ చూపించుకోలేదట.

పదేళ్ల_షుగర్
ఒక సందేహం. నా కంటి ఫోటోలు అడిగితే ఇస్తారా? ప్రతి ఏడాదీ "పోయినసారి లాగే ఉంది" అంటారు, ఆ పోయినసారిది నా దగ్గర లేదు.

వెలుగురేఖ
తప్పకుండా అడగండి, ఫోన్‌లోకి పంపించుకోండి. తేదీ, కుడి ఎడమ రాసి పెట్టుకోండి. ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలు చూపే స్కాన్) తీసి ఉంటే అది కూడా. వేరే చోటికి మారాల్సి వస్తే కొత్తగా చూసేవాళ్లకి అవి ఎంతో పనికొస్తాయి. మచ్చ కొత్తదా పాతదా అన్నది పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.