పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 18.04: మార్చాలా, అలాగే వాడుకోవాలా?

కందుకూరు_జిరాక్స్
అందరికీ నమస్కారం. మాది కందుకూరులో చిన్న జిరాక్స్ షాపు. 2013లో కొన్న ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. మా మేనల్లుడు ఉబుంటు 18.04 (విండోస్ లాంటిదే, లైనక్స్ రకం) ఎక్కించి ఇచ్చాడు, ఇప్పుడు వాడు బెంగళూరులో ఉన్నాడు. అప్లికేషన్లు నింపడం, ప్రింట్లు తీయడం, అంతే పని. కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించుకోమని మాటిమాటికీ అడుగుతోంది. ఎక్కించమంటారా? హాల్ టికెట్ల సమయంలో షాపు ఆగితే మాకు కష్టం.

మూసీగట్టు (ఒంగోలు)
ఎక్కించండి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. 18.04కి మామూలు సపోర్ట్, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, 2023 మేలోనే అయిపోయింది. 20.04కి కూడా 2025 మేలో అయిపోయింది. కాబట్టి ముందు 20.04కి వెళ్ళి, అక్కడి నుంచి 22.04కి వెళ్ళాలి. మధ్య మెట్టు వదిలేసి ఒకేసారి పోవడం కుదరదు. మొదలుపెట్టే ముందు ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌లోకి తీసుకోండి.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
అన్నా, నా మాట విను, బాగా పనిచేస్తున్నదాన్ని కెలకొద్దు. మా తమ్ముడికి ఆత్మకూరులో ఫొటో స్టూడియో ఉంది. ఇలాగే ఆన్‌లైన్‌లో ఒకాయన ఎక్కించమన్నాడు, వీడు ఎక్కించాడు. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మారింది, వైఫై పోయింది. వైఫైని నడిపే డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ డ్రైవర్ కావాలి. ముహూర్తాల రోజులు, ఆల్బమ్ ఏదని పెళ్ళివాళ్ళు షాపు ముందు నిలబడ్డారు. సలహా ఇచ్చినాయన మళ్ళీ కనపడితే ఒట్టు.

మూసీగట్టు
దానికి అంత గొడవ అక్కర్లేదు. కేబుల్ వేసి ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది. లేదా ఆన్ చేసేటప్పుడు దేనితో మొదలుపెట్టాలో అడిగే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కెర్నెల్ ఎంచుకోవాలి. దాన్ని తీసేయకుండా ఉంటే వైఫై ఎప్పటిలాగే పనిచేస్తుంది.

పెన్నా_ఒడ్డు
ఇప్పుడు చెబుతున్నారు. ఆ రోజు ఎవరు చెప్పారు?

దర్శి_కిరణ్
ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. పాత హార్డ్ డిస్క్ మీద 22.04లో ఫైర్‌ఫాక్స్ తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు. అది స్నాప్ రూపంలో, అంటే కావలసినవన్నీ ఒకే మూటగా వస్తుంది, అందుకే ఆలస్యం.

పెన్నా_ఒడ్డు
కొత్తదంటే భద్రం అనేవాళ్ళు 2024 మార్చి మరిచిపోయారు. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీలో దొంగదారి పెట్టింది కొత్త వెర్షన్‌లోనే. కొత్తది ఎక్కించుకున్నవాళ్ళకే ముప్పు వచ్చింది. పాతది వాడేవాళ్ళు హాయిగా ఉన్నారు.

మూసీగట్టు
పూర్తిగా చెప్పండి. అది 5.6.0, 5.6.1 వెర్షన్ల సంగతి. విడుదలైన ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ళ తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) ఒక్కదానిలోకీ ఆ వెర్షన్లు రాలేదు. డెబియన్ అనే మరో లైనక్స్ స్టేబుల్ వెర్షన్‌లోకీ రాలేదు. దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వెతికి పట్టుకున్నాడు.

పెన్నా_ఒడ్డు
ఒకాయన అరసెకను పట్టించుకున్నాడు కాబట్టి రాలేదు. లేకపోతే వచ్చేదే కదా?

మూసీగట్టు
మరి హార్ట్‌బ్లీడ్? నెట్‌లో పోయే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, 2012లో వచ్చిన 1.0.1లో ఆ లోపం ఉంది, 2014 ఏప్రిల్‌లో బయటపడింది. దాన్ని పూడ్చింది అప్‌డేటే.

పెన్నా_ఒడ్డు
అంతకు ముందు 0.9.8 వాడుతున్నవాళ్ళకి ఆ లోపమే లేదు. నా మాట మీరే రుజువు చేశారు.

పొదిలి_శీను
18.04 అలాగే ఉంచుకుని ఉబుంటు ప్రో పెట్టుకోవచ్చు. సొంతానికైనా, చిన్న షాపుకైనా 5 మెషీన్ల వరకు ఉచితం. సెక్యూరిటీ అప్‌డేట్లు 2028 దాకా వస్తాయి.

మూసీగట్టు
0.9.8లో మరే లోపాలూ లేవా? ఒక్క హార్ట్‌బ్లీడ్ లేదని మిగతావన్నీ మాఫీ అయిపోతాయా? పెన్నా గారూ, మీ తమ్ముడి మీద జాలితో, ఎవరో ఒకాయన మీద కోపంతో మాట్లాడుతున్నారు తప్ప ఈయన ల్యాప్‌టాప్ గురించి మాట్లాడటం లేదు.

పెన్నా_ఒడ్డు
మా తమ్ముడి ఊసు ఎత్తొద్దు. పది కమాండ్లు వచ్చినంత మాత్రాన అవతలివాళ్ళ కష్టం మీకు కోపంలా కనిపిస్తుందా? వాడు ఆ సీజన్‌లో అడ్వాన్సులు వెనక్కి ఇచ్చాడు. ఆ డబ్బు మీరిస్తారా?

కావలి_టీచర్
నేనొక మాట చెప్పాలి. మా అమ్మ పెన్షన్ పని మీద ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. స్క్రీన్ నిండా ‘ఆధార్ కొత్త’, ‘ఆధార్ కొత్త 2’, ‘బ్యాంక్ పాస్‌బుక్’ అని ఫైళ్ళే. నేనంతకుముందు వెళ్ళినప్పుడు ఇచ్చిన పాన్ కార్డు స్కాన్ కూడా వాటిలోనే ఉంది. అతను చెడ్డవాడు కాదు, చెరిపేయాలన్న ఆలోచన రాలేదంతే. ఆ మెషీన్‌కి అప్‌డేట్లు ఆగి ఎన్నాళ్ళైందో ఎవరికి తెలుసు? అందులో నా పాన్ ఉంది, మా అమ్మ ఆధార్ ఉంది. ‘నా ల్యాప్‌టాప్, నా ఇష్టం’ అంటే నేను ఒప్పుకోను.

మూసీగట్టు
నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది ఇదే. ఇంట్లో సినిమాలు చూసుకునే ల్యాప్‌టాప్ అయితే ఆయన ఇష్టం, నాకెందుకు? ఇది షాపు. ఎవరెవరి కాగితాలో దాని గుండా పోతున్నాయి. ఏదైనా జరిగితే నష్టపోయేది ఈ చర్చలో లేని మనుషులు. వాళ్ళ తరఫున ఇక్కడ మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

పెన్నా_ఒడ్డు
టీచర్ గారి మాట కాదనను. కానీ నా బాధ కూడా వినండి. నేను అప్‌డేట్‌కి వ్యతిరేకం కాదు, నా మెషీన్‌కి నేనే చేసుకుంటాను. చేయమని చెప్పి వెళ్ళిపోయే మనుషులంటేనే నాకు పడదు. సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి తెర నల్లగా ఉంటే ఈయన ఎవరికి ఫోన్ చేయాలి? మేనల్లుడు డ్యూటీలో ఉంటాడు. ఊళ్ళో రిపేర్ చేసేవాళ్ళకి లైనక్స్ అంటే ‘విండోస్ ఎక్కిస్తాం’ అనడమే తెలుసు, డేటా మొత్తం పోతుంది. దగ్గర నిలబడే మనిషి లేకుండా చెప్పే సలహా సలహా కాదు.

మూసీగట్టు
సరే, నేను నిలబడతాను. కందుకూరు మాకు దూరం కాదు. ఆదివారం షాపు మూసి ఉంటే వస్తాను.

పెన్నా_ఒడ్డు
వస్తే సంతోషం. కానీ వెర్షన్ మార్చడానికి ఈ పరీక్షల కాలం అయ్యేదాకా ఆగాలనే నా మాట.

మూసీగట్టు
అప్పటిదాకా ఇలాగే వదలకూడదని నా మాట. శీను చెప్పింది ఇద్దరం పట్టించుకోలేదు. ప్రో పెడితే వెర్షన్ మారదు, సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి.

పెన్నా_ఒడ్డు
వాటిలో కెర్నెల్ కూడా వస్తుందిగా?

మూసీగట్టు
వస్తుంది. పాతదాన్ని తీసేయకుండా ఉంచుతాం. వైఫై మొరాయిస్తే గ్రబ్‌లో వెనక్కి వెళ్ళడం ఆయన చేతే చేయించి చూపిస్తాను.

కందుకూరు_జిరాక్స్
ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాం సార్, రండి. ఈలోగా నేను చేయాల్సింది ఏమైనా ఉందా?

పొదిలి_శీను
ఉబుంటు వన్‌లో అకౌంటు తెరవండి, టోకెన్ (ప్రోని మీ మెషీన్‌కి కలిపే కోడ్) ఇస్తారు, అది రాసి పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్ మాత్రం మొజిల్లా సైట్ నుంచి విడిగా దించుకోండి, అది తనంతట తానే అప్‌డేట్ అవుతుంది.

కావలి_టీచర్
పని అయిపోయిన స్కాన్లు ఈ రాత్రికే చెరిపేయండి. ట్రాష్ కూడా ఖాళీ చేయండి.