‘యిబాంబే’ అని అరుస్తారు కదా, అది ఏ భాష?

ప్రశ్న: ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ సినిమా చివరి యుద్ధంలో హీరోల్లో ఒకడైన బ్లాక్ పాంథర్ ‘యిబాంబే’ అని కేక వేస్తాడు, వెనకున్న సైన్యం అందుకుంటుంది. ఇది సినిమావాళ్ళు కల్పించిన మాటా, నిజంగా ఏ భాషలోనైనా ఉందా?

జవాబు: నిజం మాటేనండీ. దక్షిణాఫ్రికాలో మాట్లాడే ఖోసా భాష, నెల్సన్ మండేలా మాతృభాష. ‘బాంబ’ అంటే పట్టుకోవడం, ముందున్న ‘యి’ అంటే ‘దాన్ని’. మనం ‘దాన్ని’ విడిగా చెప్పి తర్వాత ‘పట్టు’ అంటాం. వాళ్ళు దాన్ని క్రియకు ముందే అతికించేస్తారు. అలా అతికించి ఆజ్ఞాపిస్తే చివరి ‘అ’ కాస్తా ‘ఎ’ అవుతుంది. యుద్ధంలో అయితే ‘పట్టు వదలొద్దు’ అన్న భావం.

ఇది సినిమాలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 2016లో ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ సినిమాలో బ్లాక్ పాంథర్ తండ్రిగా, అంటే వకాండా అనే కల్పిత ఆఫ్రికా దేశపు రాజుగా వేసిన జాన్ కాని ఖోసా ఇంట్లో పుట్టినవాడు. కొడుకుతో తన భాషలో మాట్లాడతానని ఆయనే అడిగాడు, దర్శకులు సరేనన్నారు. కొడుకుగా వేసిన చాడ్విక్ బోస్‌మన్‌ది అమెరికాలోని సౌత్ కరోలినా. ఆ మాటలు నేర్చుకుని పలికాడు. 2018లో ‘బ్లాక్ పాంథర్’ సినిమా వచ్చేసరికి ఖోసాయే వకాండా భాష అయిపోయింది. ఇంగ్లిష్ డైలాగులు కూడా ఆఫ్రికన్ యాసలోనే చెబుతానని బోస్‌మన్ పట్టుబట్టాడు. ఎవరి వలసపాలనకూ లొంగని దేశపు రాజు బ్రిటిష్ యాసలో ఎందుకు మాట్లాడతాడు? ఆయన వాదన నూటికి నూరుపాళ్ళు న్యాయం. నల్లజాతి నటులను తీసుకున్నారా అన్నదొక్కటే చూస్తే చాలదు, వాళ్ళ నోట ఎవరి మాట పలికించారో కూడా చూడాలి.

వేరొకరు: నాదొక అభ్యంతరం. సినిమాల్లో వకాండా తూర్పు ఆఫ్రికా వైపు ఉంటుంది, ఖోసా దక్షిణపు కొసన మాట్లాడే భాష. నటుల్లో లుపిటా న్యోంగోది కెన్యా కుటుంబం, లెటీషియా రైట్ పుట్టింది గయానాలో. అందరికీ ఒకే భాష ఇస్తే ఆఫ్రికా అంతా ఒకటే అన్నట్టు కాదా?

జవాబు: ఆ మాట కాదనలేను. కానీ నోటికొచ్చిన శబ్దాలు కలిపి ‘ఆఫ్రికా భాష’ అనకుండా, లక్షలాది మంది ఇళ్ళలో మాట్లాడే భాషను తెచ్చి, అదీ రాజు నోట పెట్టారు. మన సినిమాల్లో తెలంగాణ యాసను ఏళ్ళ తరబడి విలన్లకూ కమెడియన్లకూ వదిలేసి, హీరోకి మాత్రం వేరే తెలుగు రాశారు. ఆ బాధ తెలిసినవాళ్ళకు ఈ తేడా ఎంతటిదో చెప్పక్కర్లేదు.

ఇంకొకరు: మరి ‘ఖోసా’ అని రాయడం సరైనదేనా?

జవాబు: దగ్గరగా ఉంటుంది, అంతే. ఆ మొదటి శబ్దానికి మన దగ్గర అక్షరం లేదు. నాలుక పక్కను దవడ పళ్ళ దగ్గర ఆనించి లాగుతారు, బండి తోలేటప్పుడు ఎద్దులను అదిలించే శబ్దంలాగా. ఆ భాషలో ఇలాంటివి మూడు రకాలు. జాలిపడుతూ మనం ‘ప్చ్’ అంటామే, దాదాపు అలాంటిదే ఇంకొకటి. మూడోది నాలుకను అంగిలి నుంచి టక్కున విడిపించేది. ‘యిబాంబే’లో ఇవేవీ లేవు కాబట్టి తెలుగులో హాయిగా రాసుకోవచ్చు. కాకపోతే మొదటి ‘బ’ పలికేటప్పుడు గాలిని కాస్త లోపలికి తీసుకోవాలి.