శమంతకమణికి మనసును లోబరచుకునే శక్తి ఉందా?

వినాయక చవితి కథలోని శమంతకమణి గురించి పెద్దలెవరైనా నా సందేహం తీర్చగలరా?

రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే మణి కాబట్టి, కృష్ణుడు అడిగినా సత్రాజిత్తు ఇవ్వలేదంటే అర్థముంది. నాకు మింగుడుపడనిది అక్రూరుడి సంగతి. అంతటి కృష్ణభక్తుడు, కృతవర్మ అనే యాదవ వీరుడితో కలిసి శతధన్వుడనే మరో యాదవుణ్ణి సత్రాజిత్తు మీదికి ఎగదోయడమేమిటి? ఆ శతధన్వుడు నిద్రపోతున్న సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకెళ్లాడు, చివరికి అది అక్రూరుడి దగ్గరికే చేరింది. విష్ణు పురాణంలోనైతే మణిని దాచాడేమోనని బలరాముడు సొంత తమ్ముడు కృష్ణుణ్ణే అనుమానించాడు!

శుచి లేనివాడు ధరిస్తే మణి ప్రాణం తీస్తుందని ఆ పురాణమే చెబుతుంది. మరి ధరించినవాడి బుద్ధిని కూడా మార్చేస్తుందని ఎక్కడైనా ఉందా, లేక అదంతా వాళ్ల దురాశేనా? వ్యాఖ్యానాలు చదివినవాళ్లు శ్లోకంతో సహా చెబితే ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.